హాఫ్ బ్యాక్ బజారి

"ఈడు బజారి కాదు. ఆట ఆపండి."

ఎమ్మిగనూరు జట్టు సెక్రటరీ ఉరుకుందప్ప గొడుగు మడిచి పట్టుకుని మైదానం మధ్యకు నడిచి వచ్చాడు. రెఫరీ విజిల్ వేశాడు. 1978 వేసవి, ఆదోనిలో ఫుట్‌బాల్ ఫైనల్. ఆదోని పత్తి మిల్లు జట్టు ఒక గోలు ముందుంది. గోలు కొట్టినవాడు ఇంకొకడైనా, ఎమ్మిగనూరు వాళ్ల కాళ్ల సందులోంచి బంతి లాక్కొచ్చి వాడి కాలికి అందించింది మాత్రం నడిమి మైదానంలో ఆడే హాఫ్ బ్యాక్. మిల్లు వాళ్లు చెప్పిన ప్రకారం అతని పేరు బజారి, మిల్లులో కూలి.

నిజానికి అతను కోసిగి ఏసన్న. ఫుట్‌బాల్ ఆడటమే అతని బతుకుతెరువు. జట్టులో స్థానికులే ఉండాలని ప్రతి టోర్నమెంటుకూ ఒక నియమం ఉంటుంది కనుక, పిలిచిన ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒక స్థానికుడి పేరు అతనికి అద్దెకు దొరుకుతుంది. బళ్లారిలో ఒక పేరు, రాయచూరులో మరో పేరు. ఇన్నేళ్లుగా ఇంత బాగా ఆడుతున్నా సొంత పేరుతో ఒక్క ఆట ఆడే భాగ్యం మాత్రం కలగలేదు.

ఆ నియమం మీద ఉరుకుందప్పకు ఎనలేని గౌరవం. ఆయన గోల్‌కీపరుకు తెలుగు ముక్క రాదు. ఆ కుర్రాడు పొద్దున్నే కర్ణాటక నుంచి దావణగెరె బస్సులో వచ్చి దిగాడు.

దొంగ ఆటగాడని తేలితే కప్పు ఎమ్మిగనూరుకు పోతుంది. అయినా మిల్లు మేనేజరు సేతుమాధవరావు కుర్చీలోంచి కదలలేదు. బజారి తల్లి ఇక్కడే ఉందనీ, తల్లి మాటకు మించిన సాక్ష్యం లోకంలో లేదనీ అన్నాడు. రెఫరీ సరే అన్నాడు. మిల్లులో పత్తి ఏరే అంజినమ్మను జనంలోంచి పిలిపించారు.

"అంజినమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నాడు మేనేజరు ఎంతో మెత్తగా. "నువ్వూ నీ కొడుకూ మన మిల్లులోనే కదా పనిచేసేది. నీకేం భయం లేదు."

అంజినమ్మకు భయమంటే ఏమిటో అప్పుడే తెలిసింది. ఏసన్నను ఎగాదిగా చూసింది. ఆమె కన్నకొడుకు అసలు బజారి ఆ సమయంలో గుడారం వెనక ఆటగాళ్ల కోసం నిమ్మకాయలు కోస్తున్నాడు. కదిలిపోయే బస్సు కోసం కూడా ఎన్నడూ పరుగెత్తి ఎరగని మనిషి. అంజినమ్మ ముందుకు వచ్చి ఏసన్న మొహం మీది చెమటను కొంగుతో తుడిచింది.

"నా కొడుకే సామీ. కన్నదాన్ని, నాకు తెలీదా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. రెఫరీ కూడా కళ్లు తుడుచుకున్నాకే విజిల్ ఊదాడు. కన్నతల్లిని అనుమానించిన పాపాత్ముణ్ని చూసినట్టు జనమంతా చూస్తుంటే ఉరుకుందప్ప గొడుగు విప్పి, దాని చాటున బయటికి నడిచాడు. ఆట సాగింది, కప్పు మిల్లుకు దక్కింది.

మేనేజరు కప్పు పట్టుకుని ఫొటోకు నిలబడ్డ సమయంలో నల్ల కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన హాఫ్ బ్యాక్‌ను దగ్గరికి పిలిచాడు. రైల్వే జట్టుకు ఆటగాళ్లను ఎంచేది ఆయనే. గోలు కొట్టేవాళ్లు ఊరికొకరు దొరుకుతారు గానీ, నడుమ నిలబడి పదిమందినీ ఆడించేవాడు దొరకడని భుజం తట్టాడు. రైల్వేలో ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు.

"రాసుకుంటాను, నీ పేరేంటి?"

ఫొటోలో మేనేజరు నవ్వు బిగుసుకుపోయింది. ఏసన్న ఊరూరా తిరిగి ఆడింది ఈ ఒక్క మాట కోసమే. సొంత పేరు చెబితే కప్పు పోతుంది, అంజినమ్మ అందరి ముందూ అబద్ధాలకోరు అవుతుంది, జనం తన ఎముకలు లెక్కపెడతారు. అయినా పేరుదేముంది? నెలనెలా జీతం చేతికొస్తే బజారిగానే బతికి, బజారిగానే రిటైరైపోవచ్చు. పేరు మార్చడం అతనికి చొక్కా మార్చినంత తేలిక.

"బజారి సార్."

"సోమవారం గుంతకల్లుకు వెళ్లు. నాకు బదిలీ అయింది, రేపే పోతున్నాను. నీ పేరు అక్కడి వాళ్లకు చెప్పే పోతాను. ఆట నేను చూశాను కాబట్టి ఇంక పరీక్షలేమీ ఉండవు. మీ అమ్మను మాత్రం వెంట తీసుకెళ్లు. ఇక్కడ చెప్పినట్టే, నా కొడుకేనని అక్కడ ఒక్క మాట చెబితే చాలు."

ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు. ఏసన్నకు ఏడుపొచ్చింది. ఇక ఊరికో పేరు వెతుక్కునే పని లేదు. నేరుగా వెళ్లి అంజినమ్మ కాళ్లకు దండం పెట్టాడు.

"అమ్మా, సోమవారం పొద్దున బండికే పోదాం. నీ మేలు సచ్చేదాకా మర్సిపోను."

అంజినమ్మ కళ్లు కూడా చెమ్మగిల్లాయి. అతని తల నిమిరి, మనసారా దీవించింది.

"సల్లగుండు నాయనా. నా కొడుకు పేరు నిలబెట్టినావు."

తర్వాత అతని కాళ్లకున్న బూట్ల వంక కాసేపు చూసి, గుడారం వైపు తిరిగి కేకేసింది.

"ఒరే బజారీ, ఆ నిమ్మకాయలు ఆడ పెట్టి ఇట్ల రా. నీకు రైలు ఉద్యోగమొచ్చింది, ఈ అన్న బూట్లు నీకు సరిపోతాయేమో సూసుకో."