మైకులో పోయిన మాట

"నేను రాను," అన్నాడు మైకు తాత, ఒళ్లో పెట్టుకున్న పాత మైకు బూరని గుడ్డతో తుడుస్తూ.

"రాకపోతే ఎలా నాన్నా?" కొడుకు ఆస్పత్రి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. "రేపు పొద్దున్నకల్లా చేరాలి. అక్కడ దొరికిన మంచం వదులుకుంటే మళ్లీ దొరికేది మూడు నెలలకే. నీ గుండె అన్నాళ్లు తట్టుకోదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు."

"ఆ కొత్తాసుపత్రికేగా? చచ్చినా రాను."

"చచ్చిపోతావనేగా రమ్మంటున్నాను."

తాత నవ్వలేదు. మామూలుగా అయితే ఆ మాటకి పకపకా నవ్వేవాడే. మైకు సెట్లు అద్దెకివ్వడం మానేసి పదేళ్లయినా వీధి వీధంతా ఆయన్ని మైకు తాత అనే పిలుస్తుంది. ముందుగదిలో ఇప్పటికీ మూడు బూరలు, ఒక ఆంప్లిఫయరు, చుట్టలు చుట్టిన వైర్లు ఉన్నాయి. ఆంప్లిఫయరు వేడెక్కితే వచ్చే కమురు వాసన గోడలకి పట్టేసింది. ఆ వాసన తగిలితే చాలు, కొడుక్కి పదేళ్ల వయసు తిరిగొస్తుంది. ఇవాళ మాత్రం వాడు సగం మొహం కప్పేలా మెడకి చుట్టుకొచ్చిన మఫ్లరు కూడా తియ్యలేదు. మిట్టమధ్యాహ్నం మఫ్లరేమిట్రా అని తాత అడగనూ లేదు.

"టీవీలో పోయిన నెల రాత్రి ఎనిమిదింటి వార్తల్లో ఏం చెప్పారో విన్లేదా?" అన్నాడు తాత. "అది ఆస్పత్రి కాదు, అధికారంలో ఉన్నవాళ్లు రిబ్బను కత్తిరించడానికి కట్టుకున్న గోడలు. నడిచెళ్లినవాళ్లని మోసుకు రావాల్సిందే, రాసిపెట్టుకోండి అన్నారు. రాసిపెట్టుకున్నాను."

దిండు కింద నుంచి డైరీ తీశాడు. తేదీతో సహా ఉంది. కొడుకు ఆ పేజీ వంక కన్నెత్తి చూడలేదు.

"టీవీలో సవాలక్ష అంటారు. ఆ పార్టీ అంటే గిట్టదు కాబట్టి వాళ్లు కట్టిందల్లా చెత్త అంటారు. ఆస్పత్రి మంచిదే నాన్నా. గుండెకి ఇంతకంటే మంచి చోటు లేదు. నేను స్వయంగా కనుక్కున్నాను."

"నీకు తెలిసింది, సంతోషం. మరి వీధివాళ్లకి? ఎదురింటి దర్జీ భార్య మోకాలి ఆపరేషను మానుకుంది. నీకు లెక్కలు చెప్పిన మేష్టారికి ఛాతీలో నొప్పొస్తే, అక్కడికి మాత్రం వద్దని పట్టుబట్టాడు. దూరమైనా ఫరవాలేదని ఇంకోచోటికి బయల్దేరారు. సగం దారిలోనే..."

"ఎప్పుడు?"

"పోయిన వారం."

కొడుకు మంచం అంచున కూర్చున్నాడు. తొమ్మిదో ఎక్కం రాకపోతే చెవి మెలేసి, ఏడిస్తే జేబులోంచి బెల్లంముక్క తీసిచ్చిన మేష్టారు.

"ముందు నువ్వు బయల్దేరు నాన్నా," అన్నాడు గొంతు తగ్గించి. "కన్నకొడుకు మాట కంటే టీవీలో మాట ఎక్కువైపోయిందా నీకు?"

"ఎక్కువే. మైకులో చెప్పిన మాట కదా." తాత బూరని పక్కన పెట్టాడు. "సర్కసు గుర్తుందా నీకు?"

గుర్తులేకేం. సర్కసు వచ్చిందని చాటడానికి రిక్షాకి బూర కట్టి ఇద్దరూ వీధులు తిరుగుతున్నారు. తాత మంచినీళ్లకి దిగిన పాపానికి, వీడు మైకు లాక్కుని, పిల్లలకి టికెట్టు లేదహో అని నాలుగు వీధుల దాకా కేకేసేశాడు. సాయంత్రానికి ఊళ్లో పిల్లలంతా గుడారం ముందు.

"తిరిగిన వీధులన్నీ మళ్లీ తిప్పావు," అన్నాడు కొడుకు. ఇంత బాధలోనూ పెదవుల మీదికి నవ్వొచ్చింది. "ప్రతి మలుపులోనూ రిక్షా ఆపి, ఇందాక చెప్పింది తప్పు, చెప్పింది నేనే అనిపించావు. గొంతు బొంగురుపోయింది. అమ్మ వేణ్ణీళ్లు తాగిస్తూ నిన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది."

"నువ్వు ఏడుస్తుంటే రిక్షా తొక్కుతూ నేనూ ఏడ్చానురా. నీకు వెనక కూర్చుంటే కనపళ్లేదు. అయినా ఒక్క వీధి వదల్లేదు."

ఆ రోజులు ఎంత బాగుండేవో అనిపించింది కొడుక్కి. ఒక్క పూట ఎండలో తిరిగితే తప్పు కడిగేసినట్టు పోయేది. రాత్రి నాన్న పక్కన హాయిగా నిద్రపట్టేది.

వాడు ఇక ఆగలేకపోయాడు. కిందకి జారి తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. "కారు వీధి చివర ఉంది. పద నాన్నా, నీకు దణ్ణం పెడతాను. ఆ టీవీలో చెప్పిందంతా అబద్ధం. ఒక్క ముక్క కూడా నిజం లేదు. నీ మీద ఒట్టు."

తాత వంగి వాడి మెడలోని మఫ్లరు మెల్లగా తీసేశాడు. చెమటకి తడిసిపోయిన జుట్టు వెనక్కి దువ్వాడు, చిన్నప్పుడు రిక్షా ఎక్కించే ముందు దువ్వినట్టే.

"అబద్ధమని నాకెప్పుడో తెలుసురా," అన్నాడు. "రాత్రి ఎనిమిదింటికి టీవీలో కోటు వేసుకుని కూర్చుంటావుగా, ఆ ముక్క ఆ మైకులోనే చెప్పు, నేనిక్కడ సంచీ సర్దుకుని వింటూ ఉంటాను."