కొళాయిల ట్రే

హౌరా కొళాయిల ఫ్యాక్టరీలో, మేనేజరు వెంట తవిటయ్య ప్యాకింగ్ షెడ్డులోకి రాగానే ఆడవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. యూనియన్ నాయకుడు, పైగా వాళ్లతో పాటే ప్యాకింగ్ చేసే పైడమ్మకు సొంత తమ్ముడు. ఎవరి పనీ పోనివ్వనని మొన్ననే గేటు దగ్గర ఎర్రజెండా కింద నిలబడి మాటిచ్చాడు.

మేనేజరు బల్లమీద తెల్లటి థర్మోకోల్ ట్రే పెట్టాడు. దాని నిండా కొళాయి ఆకారంలో గుంటలు. ఒకదాని తల ఇటు, పక్కదాని తల అటు. ఇక గడ్డి వద్దు, కొళాయిల్ని అందులో చుట్టి పెట్టెల్లో పేర్చే మనుషులూ వద్దు అన్నాడు. ఆలోచన తవిటయ్యదేనట.

పైడమ్మ ఆ గుంటల్ని వేలితో తడిమింది. షెడ్డులో కొళాయిల్ని అలా పేర్చడం మొదలెట్టింది ఆమే. పోయిన నెలంతా తమ్ముడు పక్కన కూర్చుని చూస్తుంటే, తమ జీతాల గురించి మాట్లాడ్డానికేనని మురిసిపోయింది.

"నా పేర్పు అమ్మేసినావేట్రా?"

తవిటయ్య గొంతు తగ్గించాడు. "అందులో నీదేటుందప్పా? మన బస్తీ గదిలో అందరం ఒకలి తల ఇటు, ఒకలి తల అటు ఎట్టుకునే కదా పడుకునీవోళ్లం. అక్కడ సూసిందే."

"అవున్రా. నువ్వు ఊర్నించి వచ్చినాక, నీకు సోటు కోసం అందర్నీ అలా సర్దింది నానే."

పైడమ్మ నడుముకు చుట్టుకున్న గోనెపట్టా విప్పి బల్లమీద పెట్టింది.

"అయినా ఒకలికి సోటు సాల్లేదు. అప్పుడు కూడా గుమ్మం బయట పడుకున్నది నానే."