రెండో చదువరి

"ఇది శత్రువులకి పంపే రహస్య రాత! అవునా, కాదా?" యుద్ధం రోజుల్లో వంతెన ముందు పెట్టిన తనిఖీ గేటు దగ్గర ప్రయాణికుల్ని ఆపి, కమాండర్ ఉత్తరాన్ని బోయిమా ముఖం ముందు ఆడించాడు.

"కాదయ్యా, మా వాయి జాతి వాళ్ళ రాత. మా ఊరి లన్సానా, పట్నంలో ఉన్న వాళ్ళన్నకి ఇమ్మన్నాడు. నేను మోసుకెళ్ళేవాణ్ణే."

"అయితే చదువు. అర్థం చెప్పు."

గేటు పక్కనున్న తాటాకుల గదిలోకి తోసి, వీపుకి తుపాకీ ఆనించారు. మిగతా ప్రయాణికుల్ని బయట కూర్చోబెట్టారు.

వాయి రాతలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. గుర్తుల్ని పైకి పలికి, సాగదీసి, కుదించి, మళ్ళీ మొదటికొస్తేనే మాట చిక్కుతుంది. ఎంత చదివినవాడికైనా ఇదే తంతు. ఆ సంగతి కమాండర్‌కేం తెలుసు?

బోయిమా ఒక్కో ముక్కా పలికి, తడబడి, మళ్ళీ పలికి అర్థం చెప్పాడు. "మేక... మేక రెండు పిల్లల్ని ఈనింది. వల చిరిగింది... దారం పంపు. అమ్మకి... అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది."

"అల్లుతున్నావురా! చదువొచ్చినవాడు ఇలా నత్తి కొడతాడా?" కమాండర్ వాణ్ణి బయటికి ఈడ్చాడు. "ఈ రాత ఇంకెవరికొచ్చు? వాళ్ళూ ఇదే చెప్తే సరి. లేదంటే వీణ్ణి వాగు దగ్గరికి తీసుకెళ్ళండి!"

వాగు దగ్గరికెళ్ళి తిరిగొచ్చినవాడు లేడు. ప్రయాణికుల్లో వాయివాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు. అందరూ తలలు దించుకున్నారు. బోయిమా వాళ్ళని తిట్టుకోలేదు, తనైనా అంతే చేసేవాడు.

"నేను చదువుతా," అంటూ గది నీడలోంచి లేచింది జెబ్బే అనే ముసలమ్మ.

ఆడవాళ్ళకి ఈ రాత నేర్పేవాళ్ళు అరుదు. ఒక్క మాట అటూ ఇటూ అయితే?

జెబ్బే కాగితం అందుకుంది. వరస వెంట వేలు నడుపుతూ గడగడా చదివి, అర్థం కూడా చెప్పేసింది. మేక, వల, అమ్మ మోకాలు. ఎక్కడా ఆగలేదు.

"చూశావురా, చదవడమంటే ఇదీ! పో!" అన్నాడు కమాండర్.

వంతెన దాటాక గానీ బోయిమాకి ఊపిరాడలేదు. "అమ్మా, మా ఊరి పెద్దలు కూడా అంత గడగడా చదవలేరు. ఎవరు నేర్పారు నీకు?"

"నాకు అక్షరం ముక్క రాదు నాయనా. ఆకుల గోడ అవతలే కూర్చున్నాను. ఒక్కో మాటా నాలుగేసి సార్లు అరిచి చెప్పావు, ఆ మాత్రం గుర్తుండదా?"