మిగిలిన గాజు

"మళ్ళీ నిటారుగానే వచ్చింది మేస్త్రీ," అంది జినేవ్రా.

ఒలిందో గొట్టం చివర ఎర్రగా మెరుస్తున్న గ్లాసును తిప్పి చూశాడు. అంచు గుండ్రంగా, నడుము సమంగా ఉంది. దాన్ని పగులుగాజు బకెట్‌లోకి కొట్టేశాడు. పొద్దుటి నుంచి అది ఏడోది.

వెనిస్ పక్కనున్న మురానో దీవిలో గాజు కొలిములన్నీ రేపటి నుంచి ఆగస్టు సెలవులకు ఆరిపోతాయి. సెప్టెంబరు మొదట్లో జినేవ్రా తొలి ప్రదర్శన. గ్లాసుల బొమ్మ గీసేది ఆమె, గాజు ఊదేది ఒలిందో. ఆరు గ్లాసులు కావాలి, ఆరూ వంకరగా ఉండాలి. అవి లేకపోతే ప్రదర్శనలో ఖాళీ బల్ల తప్ప ఏమీ మిగలదు.

"నేనడిగేది ఇలాంటిది," అంటూ ఆమె నానె చేతిలోని గ్లాసు చూపించింది. నానె ఒలిందోకు బావమరిది, కొలిమి దగ్గర కుడిభుజం. అతను వైన్ తాగుతున్న ఆ గ్లాసు ఒక పక్కకు ఒరిగి, మూడు రంగులు కలగాపులగమై, అప్పుడే నిద్రలేచిన మనిషిలా ఉంది. "ఇదీ మీరు చేసిందేగా?"

"అది గోతో తల్లీ. పనైపోయాక మిగిలిన గాజుతో మేం తాగడానికి చేసుకునేది. అదీ ఒక పనేనా?"

"నాకు కావలసిన పని అదే."

"చేద్దామనే కూర్చుంటున్నా, చెయ్యి వినడం లేదు. వంకరపోతే చెవి మెలేసి మా గురువు నేర్పిన చెయ్యి ఇది. నలభై రెండేళ్ళయింది."

"కళ్ళు మూసుకుని చెయ్యి బావా," అన్నాడు నానె. "మా అక్కను చేసుకున్నట్టు."

ఎనిమిదోది కళ్ళు మూసుకునే చేశాడు. అది అన్నిటికన్నా నిటారుగా వచ్చింది. తొమ్మిదోదాన్ని పట్టుకారుతో నొక్కాడు. అది వంకరపోలేదు, దెబ్బ తిన్నట్టయింది. అదీ బకెట్‌లోకే వెళ్ళింది.

జినేవ్రా బెంచీ మీద కూలబడింది. నానె తన రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు.

"తిను తల్లీ. ఇంట్లో వండిపెట్టేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నేనూ, పిల్లీ. మా ఇద్దరికీ వంట రాదు."

కొలిమి హోరులో ఒలిందోకు ఆ మాటలు వినపడలేదు. పదోది ఊదుతున్నాడు. అదీ నిటారే.

ఆమె లేచి, గోడకు అంటించిన బొమ్మను పీకి రెండుగా చింపేసింది. "ఇక చాలు మేస్త్రీ. నాకేం వద్దు."

"నిజంగానే వద్దా?"

"వద్దు."

ఒలిందో చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. పొద్దుటి నుంచి బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి. కొలిమిలోకి తొంగిచూసి, "ఇంకా కాస్త గాజుంది, పారెయ్యడమెందుకు," అని గొట్టం ముంచాడు. నేల మీద పడివున్న రంగు ముక్కలు అద్దాడు. పడవకు రంగు ఎప్పుడు వేద్దామో నానెతో మాట్లాడుతూనే ఊదాడు, తిప్పాడు, తెంపాడు.

గ్లాసు ఒక పక్కకు ఒరిగింది. అంచు అలలా లేచింది. జినేవ్రా చేతిలో రొట్టె నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇది నీకే తల్లీ, నీళ్ళు తాగడానికి. తెల్లారేసరికి చల్లారుతుంది, పట్టుకెళ్ళు," అంటూ ఒలిందో మళ్ళీ గొట్టం అందుకున్నాడు. "తలా ఒకటి చేసిస్తా. ఇంట్లో ఎంతమంది?"

ఆమె నానె వైపు చూసింది. అతను గోడవైపు తిరిగి శ్రద్ధగా రొట్టె నములుతున్నాడు.

"పిల్లితో కలిపి ఆరుగురం," అంది జినేవ్రా.