జానెడు సందు

“ఎడమ పక్క ఎంత సందుంది?”

“జానెడుంది ఉస్తాద్.”

“నీ జానా, నా జానా?”

మల్లేశానికి ఒళ్లు మండింది. కిటికీలోంచి సగం బయటికి వంగి, పక్కనున్న ఇటుకల బండిని మళ్లీ చూశాడు.

“నా జానెడే. పైన ఇంకో బెత్తెడుంటది. పోనియ్యి ఉస్తాద్” అని తలుపు మీద రెండుసార్లు చరిచాడు. లారీ నింపాదిగా సందులోంచి బయటపడింది.

“ముందేముంది?”

“డీటీసీ బస్సు. ఆగుతున్నది.”

“అది నేనడక్కముందే చెప్పాలి. అడిగాక చెప్పేది చదువు కాదు.”

ఉస్తాద్ వీరరాఘవులు దగ్గర మల్లేశం నేర్చుకుంటున్న డ్రైవింగు ఇదీ. ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు ముగిసిన నెలలో క్లీనర్‌గా చేరాడు. రెండేళ్లయింది. ఫరీదాబాద్ ఫ్యాక్టరీ నుంచి ఓఖ్లా గోడౌనుకు పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒకటి. పొద్దు వాలితే ఉస్తాద్ బండి తియ్యడు, అది ఆయన నియమం. నియమాలకేం కొదవ లేదు. టీ గ్లాసు తెచ్చి చేతికే అందించాలి. తాళాలు అరచేతిలోనే పెట్టాలి. సరుకు కాగితాలు గట్టిగా చదివి వినిపించాలి. ముప్పై ఏళ్లు లారీ తోలిన గుంటూరు పెద్దమనిషి, ఆ మాత్రం మర్యాద కోరుకుంటాడులే అని మల్లేశం మొదట్లో సరిపెట్టుకున్నాడు.

ఈ రెండేళ్లలో ఆ లారీకి ఒక్క గీత పడలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర డ్రైవర్లంతా ఆ సంగతే చెప్పుకునేవారు. పేరంతా ఉస్తాద్‌ది. మల్లేశానికి మాత్రం స్టీరింగు గుడ్డతో తుడవడానికే దక్కింది.

ఆ సాయంత్రం అతను అశోకా రోడ్డుకు వెళ్లాడు. అక్కడొక గెస్ట్‌హౌస్ వంటింట్లో అతని మేనమామ కనకయ్య పనిచేస్తాడు.

“ఆ లారీకి నువ్వు క్లీనర్‌వా, ఆయనకు నౌకర్‌వా?” అన్నాడు కనకయ్య, సాంబారు గిన్నె దించుతూ.

“ఉస్తాద్ దగ్గర నేర్సుకున్నోనికే సేట్లు లారీ ఇస్తరంట మామా.”

“ఎవరన్నరు?”

“ఉస్తాదే.”

కనకయ్య పగలబడి నవ్వాడు. మల్లేశానికి నవ్వు రాలేదు.

“కరోల్‌బాగ్ డ్రైవింగు స్కూలుకు పోయి సూసినవు గదా. ఏమన్నరు?”

“మొదటి దినమే స్టీరింగ్ ఇస్తమన్నరు. ఇరవై ఒక్క దినాలు. లైసెన్సు పరీచ్చకు గూడ వాళ్లే తోల్కపోతరు.”

“మరింకేంది నీ ఆలోచన?” అంటూ కనకయ్య జేబులోంచి ఇన్లాండు లెటరు తీసిచ్చాడు. “గౌరి రాసింది.”

పెళ్లయిన నాలుగు నెలలకే గౌరిని జగిత్యాలలో ఆమె అన్న ఇంట్లో వదిలి ఢిల్లీ వచ్చాడు మల్లేశం. ఉత్తరంలో అందరి క్షేమాలూ ఉన్నాయి, చివర ఒక ప్రశ్న ఉంది. ‘ఇంకెన్నాళ్లు నేర్చుకుంటవు?’

ఘాజియాబాద్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ నెలాఖరులోగా హెవీ లైసెన్సు చూపిస్తే బండీ, ఉండటానికో గదీ ఇస్తామంది. గది దొరికితే గౌరిని తెచ్చుకోవచ్చు. ఈ నెల పోతే మళ్లీ ఎప్పుడో. సిగ్గూ కోపమూ కలిసి అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు పట్టుకుని లారీ దగ్గరికి వెళ్లాడు. తెగిన చెప్పును తీగతో బిగించుకున్నాడేమో, నడుస్తుంటే టపటపమంటోంది.

“పావుగంట ఆలస్యం” అన్నాడు లారీకి ఆనుకుని నిలబడ్డ వీరరాఘవులు, తల తిప్పకుండానే.

“ఉస్తాద్, ఇయ్యాల స్టీరింగ్ ఇస్తరా?”

“సంక్రాంతి పోనీ.”

“దసరా పోనీ అన్నరు. దీపావళి పోనీ అన్నరు. నేను స్కూల్ల చేరుతున్న.”

వీరరాఘవులు కాసేపు గడ్డం నిమురుకున్నాడు. “స్కూల్లో చెయ్యి నేర్పుతారు. నేను నీకు కన్ను నేర్పుతున్నానురా. అది వచ్చాక చెయ్యెంతసేపు?”

“రెండేండ్ల సంది సూస్తనే ఉన్న. ఇంకేం సూడాలె?”

“సరే, వెళ్దువుగాని. ఇంకొకణ్ణి కుదుర్చుకునేదాకా ఆగు.”

“ఇంకొకడెందుకు? ముప్పై ఏండ్లు తోలిన్రు, ఒక్కరే తోల్లేరా?”

వీరరాఘవులు టీ కోసం చెయ్యి చాపాడు. ఎంత పొగరు అనుకున్నాడు మల్లేశం. రెండేళ్లలో మొదటిసారి టీ గ్లాసు తీసుకెళ్లి బానెట్ మీద పెట్టాడు. పక్కనే తాళాలు పెట్టాడు. ఇక ఆయనే వెళ్లి తీసుకోవాలి. ఆ తృప్తితో గేటు వైపు నడిచాడు.

పది అడుగులు వేశాడో లేదో చెప్పు తెగింది. విసుగ్గా రెండు చెప్పులూ విప్పి చేత్తో పట్టుకున్నాడు.

“మల్లేశం, తాళాలు చేతికివ్వు” వెనకనుంచి ఉస్తాద్ గొంతు.

పని మానేసినవాడికి కూడా హుకుమే. మల్లేశానికి ఇక కోపం ఆగలేదు. కడుపులో ఉన్నదంతా ఈరోజు ముఖం మీదే అడిగేద్దామని వెనక్కి తిరిగాడు. ఉత్త పాదాలతో గబగబా వచ్చి, ఆయనకు మూరెడు దూరంలో ఎదురుగా నిలబడి నోరు తెరవబోయాడు.

వీరరాఘవులు అతని ముఖంలోకే చూస్తూ, “మల్లేశం, వెళ్లిపోయావురా?” అని కేకేశాడు.