పోటీకి నిలబడని నీలమ్మ

కొండ దిగువన మేసే అడవిబర్రెల మందకు పదేళ్లుగా కాటయ్య అనే ముసలి దున్నే అధ్యక్షుడు. ఎండలు ముదిరేముందు ఏటా ఎన్నిక జరిగేది. మంద ఎవరి వెనక నిలబడితే వాళ్లే ఏటిదాకా దారి చూపాలి. ఈసారి కాటయ్య మీద బోదడు, సింగడు అనే రెండు దున్నలు పోటీకి దిగాయి. అందరి వీపుల మీదా వాలే కొంగ మల్లికి అందరి సంగతీ తెలుసు గనక, గెలుస్తామా అని ఇద్దరూ దాన్నే అడిగారు.

“నీ కొమ్ములంటే అందరికీ హడలు, బోదన్నా. దూడలే నీ దగ్గరికి రావు, ఇక తల్లులెలా వస్తారు?” అంది మల్లి. “సింగన్నా, నీ మాటలు తియ్యనివే గానీ ఏటి దారి నీకు తెలీదు.”

సాయంత్రం కాటయ్యే అడిగాడు. “నన్ను ఓడించేవాళ్లు ఉన్నారా పిల్లా?”

అతని చూపు మసకబారిందని మల్లికి ఒక్కదానికే తెలుసు. ఆ మాట ఎత్తకుండా ఇలా అంది.

“నీ కోడలు నీలమ్మ నిలబడితే గెలుస్తుంది తాతా. పోయినేడు వెనకబడ్డ దూడలన్నిటినీ ఏటికి చేర్చింది తనే. కానీ నిలబడనంటోంది.”

“ఎందుకట?”

“నువ్వు చిన్నబుచ్చుకుంటావని.”

కాటయ్య నెమరు ఆపేసి నీలమ్మ ఉన్న వైపు తిరిగాడు.

తెల్లారి మందంతా చూస్తుండగా వెళ్లి నీలమ్మ వెనక నిలబడ్డాడు. “పద తల్లీ” అన్నాడు. ఒక్కొక్కరే వచ్చి అతని వెనక చేరారు.

మధ్యాహ్నానికి ఏరు కనిపించింది. నీలమ్మ నీళ్లలో దిగకుండా పక్కకు తప్పుకుంది.

“ముందు నువ్వు తాగు మామయ్యా.”

“అధ్యక్షురాలివి నువ్వు కదమ్మా!”

“అందుకే చెబుతున్నాను, తాగు.”