బద్యా తాళం

మేనేజర్ అయినంక జయప్రకాశ్‌కు జామాయిల్ తోటల నడుమ కంపెనీ కొత్త క్వార్టర్ ఇచ్చింది.

మొదటి రాత్రే కరెంటు పోయింది. సెల్లు లైటు పట్టుకొని వెనక గోడకున్న మెయిన్ కాడికి పోయిండు. ఎవరో స్విచ్చి దించి ఎర్ర తాళం వేసిండ్రు. తాళం తడిగ ఉంది. దానికి నల్లదారం.

ఆ దారం ఫ్యాక్టరీల మిషన్లు బాగుచేసే బద్యా పెండ్లాం కమ్లి కట్టింది.

ఫ్యాక్టరీల ఎవరు రిపేరుకు మిషన్ల దిగినా ముందుగాల మెయిన్‌కు తన తాళం వేసుకుంటడు. తాళం ఉందంటే లోపల మనిషి ఉన్నట్టే. బద్యా చచ్చిన రోజు, ఆయన తాళం తీసుడు మర్చి ఇంటికి పోయిండనుకొని, అప్పటి సూపర్వైజర్ జయప్రకాశే దాన్ని కోయించి మిషన్ ఆన్ చేయించిండు. తర్వాత, తాళం వెయ్యకుండనే దిగి చచ్చిండని పెద్దసార్లకు చెప్పిండు. కోసిన తాళాన్ని గోదావరిల పారేసిండు.

ఇప్పుడు దాని మీద కోసిన గుర్తే లేదు.

ఖాళీ ఇంట్ల ఇనుము మీద స్పానర్ తాకిన చప్పుడైంది. జయప్రకాశ్ వెనక తలుపు నూకి లోపలికి లైటు కొట్టిండు.

"లోపల... ఎవరన్న ఉన్నరా?"

చప్పుడు ఆగింది.

"అవ్ సార్, ఉన్న," అన్నది బద్యా గొంతు మెల్లగ. "ఆ రోజు గూడ గిట్లనే ఒక్కపారి అడిగితే పలికేటోన్ని."